నీరు నడిచిన దారి: పాత చిన్న ఇల్లు కొనేముందు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పాత ఇల్లు కొనడం మంచిదా కాదా అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. అంత సూటి ప్రశ్నకు సూటి జవాబు నా దగ్గర లేదని వారికి అప్పుడే మనవి చేశాను. నలభై ఏళ్ల నాటి ఇల్లు ఒకటి మరో నలభై ఏళ్లు నిశ్చింతగా నిలబడుతుంది. దాని పక్కనే, అదే ఏడాది, అదే మేస్త్రి చేతిమీదుగా లేచిన మరో ఇల్లు పెచ్చులూడిపోతూ ఉంటుంది. రెండింటి వయసూ ఒకటే, వాటి మీద నీరు నడిచిన దారి మాత్రం వేరు. నేను కొత్త ఇళ్లు కట్టిన ఇంజనీరును కాను. కట్టిన ఇళ్లు ఎక్కడ, ఎందుకు చెడుతున్నాయో చూసి బాగుచేయించే పనిలోనే నా ఉద్యోగకాలమంతా గడిచింది. ఆ పనిలో నాకు బలపడిన అభిప్రాయం ఏమిటంటే, ఇంటికి వచ్చే జబ్బుల్లో అధికభాగం నీటితోనే మొదలవుతాయి, కనుక పాత ఇల్లు చూడబోయేవారు గదుల సంఖ్య లెక్కపెట్టడానికంటే ముందు నీరు ఎక్కడినుంచి వచ్చి, ఎక్కడ నిలిచి, ఎటు పోతున్నదో చూడాలి. ఇంటికి ఈ మాట ఎంత వర్తిస్తుందో వీధికీ అంతే వర్తిస్తుంది.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను మొదటిసారి కొన్న ఇల్లు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లది, మూడే గదులు. ఎండాకాలం మధ్యాహ్నం వెళ్లి చూశాను. ఇంటివారు మర్యాదస్తులు; కూర్చోబెట్టి ఎంతో ఆదరంగా మాట్లాడారు. పడకగదిలో ఒక గోడకు ఆనించి నిలువెత్తు బీరువా ఉంది. దాని వెనుక ఏముందో చూడాలని వృత్తిరీత్యా నాకు తోచింది. కాని అంత ఆదరంగా మాట్లాడుతున్న మనుషులను బీరువా జరపమని ఎలా అడగడం? మొహమాటపడి ఊరుకున్నాను. వారు సామాను తీసేసి తాళాలు ఇచ్చిన రోజున ఆ గోడ మీద నడుమెత్తు వరకు నల్లటి బూజు, దాని పైన తెల్లటి ఉప్పు పొర కనిపించాయి. గోడకు అవతల పక్కింటివారి స్నానాలగది ఉంది. ఆ గోడ ఆరడానికి రెండేళ్లు పట్టింది. అందుచేత, ఇల్లు చూడడానికి ఏయే పనిముట్లు తీసుకువెళ్లాలని ఎవరైనా అడిగితే, ముందు మొహమాటాన్ని ఇంట్లో వదిలి వెళ్లమని చెబుతాను. టార్చిలైటు, కొలత టేపు, స్క్రూడ్రైవరు, రసమట్టం, ఒక గోళీకాయ ఆ తరువాతి సంగతి.

మన విషయం చిన్న ఇల్లు కాబట్టి దాని లెక్క కొంచెం వేరుగా చూడాలి. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న ఇంట్లో నేల 36 చదరపు మీటర్లు, చుట్టూ బయటి గోడ 24 మీటర్లు. అదే పన్నెండు మీటర్ల ఇంట్లో నేల 144 చదరపు మీటర్లు, గోడ 48 మీటర్లు. అంటే చదరపు మీటరు నేలకు వచ్చే బయటి గోడ చిన్న ఇంట్లో రెండింతలు. వానకు తడిసేదీ, ఎండకు కాగేదీ, చలికి చల్లబడేదీ ఆ గోడే. పెద్ద ఇంట్లో ఒక గది చెమ్మగిల్లితే తలుపు వేసి మరో గదిలో పడుకోవచ్చు. రెండు గదుల ఇంట్లో ఒక గది చెడడమంటే సగం ఇల్లు పోవడమే. మరమ్మతు ఖర్చు కూడా ఇంటి పరిమాణాన్ని బట్టి తగ్గదు: సారువ కట్టడం, పెచ్చుల చెత్త ఎత్తించడం, పనివారు నాలుగుసార్లు వచ్చిపోవడం ఇల్లు చిన్నదైనా దాదాపు అంతే. అయితే చిన్న ఇంటికి ఒక గొప్ప సుగుణం ఉంది. దాని దూలాల మీదా స్లాబుల మీదా పడే బరువు తక్కువ, గదుల వెడల్పు తక్కువ. అన్నిటినీ మించి, ఒక్క పూటలో ప్రతి మూలా చూడవచ్చు. చూడకుండా వదిలేయడానికి మొహమాటం తప్ప మరో సాకు ఉండదు.

ఇంట్లోకి వెళ్లేముందు బయట ఒకసారి నెమ్మదిగా చుట్టిరండి. మొదట చూడవలసినది రోడ్డు మట్టం, ఇంటి నేల మట్టం. రోడ్డు మరమ్మతు చేసిన ప్రతిసారీ పాత పొరను తొలగించకుండా దాని మీదే కొత్త పొర వేస్తే, ఒక్కో పొర నాలుగు సెంటీమీటర్లే అయినా, ఐదారు పొరలకు రోడ్డు జానెడు పైకి లేస్తుంది. ఇల్లు మాత్రం కట్టిన చోటే ఉంటుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లిన ఇంటికి ఇప్పుడు ఒకటే మెట్టు కనిపిస్తున్నదంటే, మిగిలిన రెండు మెట్లు రోడ్డు కింద ఉన్నాయని అర్థం. గేటు కింది అంచు కోసి పొట్టిచేసి ఉండడం, గడప దగ్గర కొత్తగా చిన్న అడ్డుగోడ కట్టి ఉండడం కూడా ఇదే కథ చెబుతాయి. కంటిచూపును నమ్మలేకపోతే మేస్త్రులు వాడే పారదర్శకమైన నీళ్ల ట్యూబు తీసుకువెళ్లండి. దాని రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది కనుక, రోడ్డుకూ ఇంటి నేలకూ మధ్య తేడా ఎన్ని సెంటీమీటర్లో అక్కడికక్కడే తేలిపోతుంది.

తరువాత ఇంటి చుట్టూ ఉన్న నేల గోడవైపు వాలి ఉందో, గోడనుంచి బయటికి వాలి ఉందో చూడండి. పైకప్పు నీరు పడే గొట్టం కొస ఎక్కడ ముగిసిందో గమనించండి. గోడ మొదట్లోనే ముగిసి అక్కడ నేల గుంటపడి ఉంటే, ఏళ్ల తరబడి ఆ నీరు పునాదిలోకే దిగిందన్నమాట. దగ్గరలో పెద్ద చెట్టు ఉంటే, నేల బంకమన్ను అయితే, దాని గురించి రెండు వైపులా ఆలోచించాలి. వేళ్లు నేలలోని తేమను పీల్చుకున్నప్పుడు బంకమన్ను కుంచించుకుపోయి పునాది దిగుతుంది. ఆ భయంతో చెట్టు కొట్టేస్తే అదే మన్ను మళ్లీ తేమ పట్టి ఉబ్బి పునాదిని పైకి నెట్టవచ్చు. కనుక చెట్టును చూసి ఎంత జాగ్రత్తపడాలో, కొత్తగా నరికిన మొద్దును చూసి అంత జాగ్రత్తపడాలి.

కప్పు ఎక్కకుండా ఇల్లు చూశామని అనుకోకూడదు. చదునైన మిద్దె అయితే, నిలిచి ఎండిన నీటి గుండ్రటి మరకలు ఎక్కడున్నాయో చూడండి. నూరు పాళ్లకు ఒక పాలైనా వాలు ఉండాలి; అంటే మూడు మీటర్ల పొడవులో మూడు సెంటీమీటర్లు. పిట్టగోడ మిద్దెను కలిసే మూల, తూములు, నీళ్ల ట్యాంకు కింది భాగం, గొట్టాలు కప్పులోంచి దిగే చోట్లు అనుమానంతో చూడవలసినవి. నీరు దిగకుండా వేసిన పూతలు ఎన్ని పొరలున్నాయో అంచు దగ్గర తెలుస్తుంది. నాలుగు పొరలు కనిపిస్తే అమ్మేవారు దాన్ని జాగ్రత్తగా చెబుతారు; నాకు మాత్రం మూడుసార్లు ఓడిపోయిన ప్రయత్నంగా కనిపిస్తుంది, పైగా ఆ పొరల బరువంతా స్లాబే మోయాలి. వాలు కప్పు అయితే వీధికి అవతల నిలబడి నడికొప్పు గీత తిన్నగా ఉందో, మధ్యలో కుంగిందో చూడాలి. లోపల అటక ఎక్కి టార్చి ఆర్పి చూస్తే, పెంకుల మధ్యనుంచి వెలుతురు చుక్కలు కనిపించిన చోట నీటికీ దారి ఉందని తెలుస్తుంది.

ఇక పగుళ్లు. కొనేవారిని ఎక్కువగా భయపెట్టేవి ఇవే, కాని భయపడవలసిన పగుళ్ల కంటే భయపడనక్కరలేని పగుళ్లే ఎక్కువ. సిమెంటు పూత మీద సాలెగూడులా అన్ని దిక్కులకూ పాకిన సన్నని నెర్రెలు పూత ఆరేటప్పుడు ముడుచుకోవడం వల్ల వచ్చినవి. వాటివల్ల గోడకు ప్రమాదం లేదు. పైకప్పు స్లాబుకు సరిగ్గా కింద, గోడ పొడవునా అడ్డంగా పోయే పగులు ఎండ వల్ల వచ్చేది. కాంక్రీటు వేడికి వ్యాకోచించే పరిమాణం ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు లక్షలో ఒక వంతు. అంటే పది మీటర్ల స్లాబు ముప్పై డిగ్రీల మార్పుకు మూడు మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. కింది గోడ అంత కదలలేదు కనుక రెండూ కలిసే చోట చీలుతుంది. ఇల్లు కూలదు గాని, ఆ చీలికలోంచి వాన లోపలికి వస్తుంది. పాత గదికీ తరువాత చేర్చిన గదికీ మధ్య నిలువునా దిగిన పగులుకు కారణం రెండు పునాదులు వేరు కావడం. చేర్చిన భాగం తన దారిన తాను దిగింది.

ఆగి చూడవలసినది కిటికీ మూలలనుంచీ తలుపు మూలలనుంచీ ఏటవాలుగా పాకే పగులు, లేదా ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులు. ఇవి పునాది ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా దిగినప్పుడు వస్తాయి. పగులు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే ఇంటి కొసలు దిగుతున్నాయని, కింద వెడల్పుగా ఉంటే నడిమి భాగం కుంగుతున్నదని సామాన్యంగా ఊహించవచ్చు. అయితే పగులు ఉందా లేదా అన్నదానికంటే అది ఇంకా కదులుతున్నదా అన్నదే అసలు ప్రశ్న. నేల బరువుకు అణిగిపోవడానికి కాలం పడుతుంది. అణిగాక మళ్లీ అంతగా కదలదు. ఇటలీలోని పీసా గోపురం పని 1173లో మొదలైంది. మెత్తటి నేల వల్ల కట్టుబడిలో ఉండగానే అది ఒరిగింది. యుద్ధాల మూలంగా పని దాదాపు ఒక శతాబ్దం ఆగిపోవడం ఆ గోపురానికి మేలు చేసిందని, ఆ విరామంలో కింది మన్ను బిగుసుకోకపోతే అది కట్టుబడిలోనే పడిపోయేదని ఇంజనీర్లు చెబుతారు. పాత ఇంటికి ఉన్న అనుకూలత ఇదే. నలభై ఏళ్లు అణిగిన నేల మీద ఉన్న పాత పగులు, లోపల దుమ్ము పట్టి, అంచులు మొద్దుబారి, పాత రంగుతో నిండి కనిపిస్తే దాని కథ అయిపోయి ఉండవచ్చు. లోపల ఇటుక కొత్తగా, అంచులు పదునుగా ఉంటే, లేదా పూడ్చిన మసాలా మళ్లీ చీలి ఉంటే, కథ నడుస్తున్నదన్నమాట. వ్యవధి ఉంటే, అమ్మేవారి అనుమతితో పగులుకు అడ్డంగా పలుచని గాజుముక్క అతికించి, తేదీ రాసి రావడం పాతకాలపు పద్ధతి; గోడ కదిలితే గాజు విరుగుతుంది. మరమ్మతు చేయించిన గోడలను గుర్తించడానికి మరో సులువు ఉంది: గది చీకటి చేసి టార్చిని గోడకు ఆనించి, వెలుగు గోడ మీద జారేలా పట్టండి. ఎదురుగా చూసినప్పుడు నున్నగా ఉన్న గోడ మీద అతుకులన్నీ నీడలుగా లేస్తాయి. ఇల్లంతా పాత రంగులో ఉండి ఒక్క గోడకు మాత్రం కొత్త రంగు వేసి ఉంటే, టార్చి అక్కడే మొదలుపెట్టడం మంచిది.

కాంక్రీటు ఇళ్లలో పగులు కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది తుప్పు. మంచి కాంక్రీటు గాఢమైన క్షారం. క్షారం ఎంత గాఢమో చెప్పే పీహెచ్ అనే అంకె అందులో 12 దాటి ఉంటుంది, ఆ క్షారంలో ఉన్నంతకాలం లోపలి ఇనుపచువ్వ తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు బయటినుంచి కొంచెం కొంచెంగా లోపలికి దిగుతూ ఆ క్షారాన్ని విరిచేస్తుంది. పీహెచ్ 9 దగ్గరకు వచ్చాక, తేమ కూడా తోడైతే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. స్లాబు అడుగున చువ్వల వెంట తిన్నగా పోయే పగుళ్లు, గోధుమరంగు మరకలు, ఊడిన పెచ్చులు ఆ తరువాతి దశలు. ఈ క్రియ కాలం వర్గమూలాన్ని అనుసరిస్తుంది: మొదటి పదేళ్లలో పది మిల్లీమీటర్లు దిగితే, ఇరవై దిగడానికి నలభై ఏళ్లు పడుతుంది. చువ్వల మీద మేస్త్రి ఇరవై మిల్లీమీటర్ల కాంక్రీటు వదిలాడా, పది వదిలాడా అన్న చిన్న తేడా వల్ల పక్కపక్క ఇళ్ల ఆయుస్సులో ముప్పై ఏళ్ల వ్యత్యాసం రావడం ఇలాగే. స్నానాలగది కప్పు, ట్యాంకు కింది స్లాబు, కిటికీల పైనున్న సన్‌షేడ్లు, బాల్కనీ అంచులు ముందు చెడతాయి. అక్కడ కర్రతోనో స్క్రూడ్రైవరు పిడితోనో మెల్లగా తట్టి వినండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయినది డొల్లగా పలుకుతుంది. అనుమానం బలంగా ఉంటే పరీక్ష చేసేవారిని పిలిపించవచ్చు. అప్పుడే విరిచిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారం మిగిలిన మేర గులాబీరంగు తిరుగుతుంది, పోయిన మేర రంగు మారదు. చువ్వ గులాబీరంగులో ఉన్నదా, బయట ఉన్నదా అన్నది కంటికే కనిపిస్తుంది.

చెమ్మ విషయంలో ఎత్తును బట్టి మూలాన్ని ఊహించవచ్చు. నేలనుంచి గోడలోకి పాకే తేమ సాధారణంగా మీటరు ఎత్తు దాటదు. దాని పై అంచున ఉప్పు గీత ఉంటుంది. అంతకంటే పైన మరక ఉంటే కప్పునుంచో, గొట్టంనుంచో, పక్కింటినుంచో వచ్చిందని వెతకాలి. గోడకు పలకలు తొడిగి, చెక్క పూత వేసి, నిలువెత్తు అద్దాలు బిగించి ఉన్న చోట్ల, అవి అలంకారమో దాపరికమో తెలుసుకునే హక్కు డబ్బు పెట్టేవారికి ఉంది. ఇంకొకటి: లోపలికి అడుగుపెట్టిన మొదటి నిమిషంలో ఆ ఇంటి వాసన ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి. పది నిమిషాల్లో ముక్కు దానికి అలవాటుపడుతుంది. మరీ ఘాటైన పరిమళం గుప్పుమంటున్న ఇంటికి నేను రెండోసారి చెప్పకుండా వెళతాను.

గొట్టాలు, తీగలు గోడలో ఉంటాయి కనుక వాటిని పనిచేయించే చూడాలి. రెండు కొళాయిలు ఒకేసారి తిప్పి, ధార ఎంత సన్నబడుతుందో చూడండి. పాత ఇనుప గొట్టాల్లో తుప్పు పేరుకుని రంధ్రం ఇరుకవుతుంది. వ్యాసం సగమైతే అదే ఒత్తిడికి వచ్చే నీరు ఐదో వంతు కూడా ఉండదు. నీటి మీటరు ఉన్న ఇల్లయితే కొళాయిలన్నీ కట్టి, అంకె రాసుకుని, గంట తరువాత మళ్లీ చూడండి. కదిలితే ఎక్కడో గోడలోనో నేలలోనో నీరు పోతున్నదన్నమాట. విద్యుత్తు విషయంలో మూడు రంధ్రాల సాకెట్టు కనిపించినంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు; చాలా పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనుక తీగే ఉండదు. ముప్పై మిల్లీ ఆంపియర్ల లీకేజీకి కరెంటు కోసేసే బ్రేకరు బోర్డులో ఉన్నదా, దాని పరీక్ష బటను నొక్కితే పడుతున్నదా అని చూడాలి. తీగల తొడుగు వంచితే పొడిలా రాలుతుంటే మొత్తం వైరింగు మార్చే ఖర్చు ఇంటి ధరలో కలిపి ఆలోచించవలసిందే. చిన్న ఇంట్లో అది భరించలేని పని కాదు.

కలపకు శత్రువు చెద. గోడ మొదళ్ల మీద, ద్వారబంధాల వెనుక పెన్సిలు మందాన మట్టి బాటలు ఉన్నాయేమో చూసి, బంధం అడుగుభాగాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి చూడండి. పైన రంగు నిగనిగలాడుతూ లోపల గుల్లబారిన బంధాలు ఎన్నో చూశాను. చెద కూడా తడిని వెతుక్కుంటూ వచ్చేదే. తలుపుల దగ్గర మరొక సంగతి ఉంది. తలుపు పై అంచు ఒక పక్కకు ఏటవాలుగా చెక్కి ఉంటే, గోడ కదలి బంధం వాటం తప్పినందువల్ల ఎవరో తలుపును దానికి సరిపెట్టారన్నమాట. గోడ పగులు పూడ్చినవారికి కూడా తలుపు అంచు సంగతి గుర్తుండదు. నేల మీద గోళీ వదిలి చూడడం ఇందుకే. స్నానాలగదిలో అది దొర్లితే మంచిదే, పడకగదిలో ఒక మూలకు పరుగెడితే కారణం వెతకాలి. చాలా పాత రంగుల్లో సీసం, పాత కప్పు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక వాటిని గీకి, విరిచి పరీక్షించకండి. కదపనంతవరకు వాటి హాని తక్కువ, పొడి అయి ఊపిరిలోకి పోతేనే ప్రమాదం. రెండు గదులను ఒకటి చేసిన చోట తీసేసిన గోడ బరువు మోసేదేమో, దాని స్థానంలో దూలం వేశారో లేదో తప్పక అడగండి.

ఇప్పుడు వీధిలోకి వద్దాం. చిన్న ఇంట్లో ఉండేవారు వీధికి దగ్గరగా ఉంటారు. గోడలు తక్కువ దూరంలో ఉంటాయి, పక్కింటి మాట వినబడుతుంది. అందువల్ల ఇల్లు చూసినంతసేపు వీధినీ చూడాలి. ఇక్కడ కూడా నా చూపు మొదట నీటి మీదే. ప్రహరీగోడల మీద ఒకే ఎత్తులో మట్టి గీత కనిపిస్తే, అది ఒకనాటి వరద మట్టం. ఇరుగు పొరుగు ఇళ్లు తిరిగి కట్టుకున్నవారు తమ నేలను ఎంత ఎత్తు లేపుకున్నారో చూడండి. ఆ వీధిలో వాన ఎలా ఉంటుందో వారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. అందరూ రెండడుగులు లేపుకున్న వరసలో మధ్యన పల్లంగా మిగిలిన ఇల్లు మీరు చూస్తున్నదైతే, ఆ అందరి నీరూ దానిలోకే దారి చూసుకుంటుంది. ఎవరూ గమనించని మరో మట్టం ఉంది. మురుగు కాలువ పూడుకుపోయినప్పుడు మురుగు ముందు పొంగేది దాని దారిలో అన్నిటికంటే పల్లంగా ఉన్న నోటినుంచి. మీ స్నానాలగది నేల వీధిలోని మ్యాన్‌హోల్ మూత కంటే కిందుంటే, ఆ నోరు మీ ఇంట్లోనే ఉంటుంది. వెనక్కి రాకుండా వాల్వు పెట్టించుకోవచ్చు గాని, కొనేముందే తెలిస్తే బేరంలో ఆ మాట అనవచ్చు.

పొరుగువారితో మాట్లాడేటప్పుడు ప్రశ్న వేసే తీరు ముఖ్యం. "ఈ వీధి మంచిదేనా అండీ?" అని అడిగితే ఎవరైనా మంచిదేనంటారు, తాము ఉంటున్న చోటును కొత్తవారి ముందు ఎవరు తక్కువ చేసుకుంటారు? "పెద్ద వాన పడితే నీళ్లు ఎంతసేపట్లో పోతాయండీ?", "ఏ వేళకు కొళాయి వస్తుంది?", "రాత్రి పదింటికి బండి ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడిగితే వివరాలు వాటంతట అవే వస్తాయి. సొంత ఇళ్లవారి కంటే అద్దెకు ఉంటున్నవారు, ఆ వీధిలో పనికి వచ్చి పోయేవారు నిజం తేలిగ్గా చెబుతారని నా అనుభవం. ఇల్లు ఎందుకు అమ్ముతున్నారన్న ప్రశ్నకు అమ్మేవారు ఒక కారణం, పొరుగువారు మరో కారణం చెబితే రెండోది రాసిపెట్టుకోండి.

ఒక్కసారి చూసిన వీధి చూడనట్టే లెక్క. పనిదినం ఉదయం, సెలవురోజు సాయంత్రం, రాత్రి పొద్దుపోయాక, అన్నిటికంటే ముఖ్యంగా వానలో ఒకసారి వెళ్లాలి. చప్పుడు విషయంలో దూరం మనం అనుకున్నంత సాయం చేయదు. ఒకే యంత్రం నుంచి వచ్చే చప్పుడు దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్‌లు తగ్గుతుంది. ఎడతెగని వాహనాల రోడ్డు నుంచి వచ్చేది మూడు డెసిబెల్‌లే తగ్గుతుంది. చెవికి చప్పుడు సగమైనట్టు అనిపించాలంటే సుమారు పది డెసిబెల్‌లు తగ్గాలి, అంటే రోడ్డుకు దాదాపు పదింతల దూరం జరగాలి. దూరం కంటే అడ్డుగా ఉన్న ఇళ్ల వరుస ఎక్కువ మేలు చేస్తుంది. పెద్ద రోడ్డుకు రెండో వరుసలో ఉన్న ఇల్లు, ఖాళీ స్థలానికి అవతల దూరంగా ఉన్న ఇంటికంటే ప్రశాంతంగా ఉండడం అందుకే. ఖాళీ స్థలం గురించి ఇంకో మాట. ఇవాళ మీ కిటికీకి వెలుతురు ఇస్తున్న పక్క స్థలం మీది కాదు. అక్కడ అనుమతించిన ఎత్తు మేరకు గోడ లేస్తే మీ గదిలో పగలు ఎంత మిగులుతుందో ముందే లెక్కవేసుకోవాలి, ఎందుకంటే చిన్న ఇంట్లో వెలుతురు వచ్చే కిటికీలు మూడో నాలుగో ఉంటాయి. హక్కు పత్రాల సంగతి న్యాయవాదికి వదిలేస్తాను. కాని ఆమోదం పొందిన నక్షా చేతిలో పట్టుకుని ఇల్లంతా టేపుతో కొలవడం మీ పని. నక్షాలో లేని గది, పొరుగువారి నడకదారి, ఉమ్మడి గోడ ఎవరిదన్న సందేహం అప్పుడే బయటపడతాయి.

ఇవన్నీ చూసి ఒక కాగితం మీద మూడు నిలువు వరుసలుగా రాసుకోవడం నా అలవాటు. డబ్బుతో త్వరగా పోయేవి మొదటి వరుస: వైరింగు, కొళాయిలు, రంగు, తలుపులు. ఎక్కువ డబ్బుతో, ఎక్కువ కాలంతో పోయేవి రెండో వరుస: కప్పు, తుప్పు పట్టిన స్లాబు, చెమ్మగోడ. ఎంత డబ్బు పెట్టినా పోనివి మూడో వరుస: రోడ్డు కంటే పల్లం, కదులుతున్న నేల, చప్పుడు, మూసుకుపోయే వెలుతురు. కొనేవారు సాధారణంగా మొదటి వరుస చూసి ఇల్లు వద్దంటారు, మూడో వరుస చూడక ఇల్లు కొంటారు. రంగు వెలిసి, కొళాయిలు కారుతూ, ఎత్తైన నేల మీద నిలిచిన ఇల్లు చాలాకాలం అమ్ముడుపోకుండా ఉండడం చూశాను. నిగనిగలాడే పల్లపు ఇల్లు వారంలో అమ్ముడుపోవడమూ చూశాను. రెండో వరుసలో రెండుకంటే ఎక్కువ పద్దులు చేరితే మీ కన్ను చాలదు. ఆ ఇంటి అమ్మకంలో ఏ లాభమూ లేని ఇంజనీరును తీసుకువెళ్లి, రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. బేరం కుదిర్చేవారు తీసుకువచ్చే ఇంజనీరు ఎంత మంచివాడైనా ఆ పనికి పనికిరాడు.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలకు వెళ్లేముందు ఒక మనవి: ముందు వరుసలో కూర్చున్న ఒకరు తాము చూసివచ్చిన ఇంటి పగుళ్ల ఫొటోలు నాకు చూపించాలని తెచ్చారట. తప్పకుండా చూద్దాం. పగులు పక్కన స్కేలో, నాణెమో పెట్టి తీసి ఉంటే దాని వెడల్పు గురించి ఏమైనా చెప్పగలను. అలా తీయకపోతే, వచ్చే వాన తరువాత మరోసారి వెళ్లి, అదే చోట నిలబడి తీసుకురండి.